వైకల్యం ఉన్న మాజీ సైనికుడి పెన్షన్‌పై ట్యాక్స్ పడుతుందా?

ప్రశ్న: మావారు అమెరికా ఆర్మీలో 22 ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. శాన్ ఆంటోనియోలో ఉంటున్నాం. మోకాళ్లు, వినికిడి దెబ్బతిన్నాయని వీఏ (వెటరన్స్ అఫైర్స్ శాఖ) 60 శాతం వైకల్యం ఖరారు చేసింది. ఆర్మీ పెన్షన్, వీఏ డబ్బు రెండూ నెలనెలా పూర్తిగా వస్తున్నాయి. "డిసేబుల్డ్ వెటరన్‌కి ట్యాక్సే లేదు, మీరు ఊరికే కడుతున్నారు" అంటాడు ఆయన పాత స్నేహితుడు. ఇన్నేళ్లు కట్టింది వెనక్కి వస్తుందా? - ఓ పాఠకురాలు

జవాబు: ఆ ఆశ పెట్టుకోకండమ్మా. వీఏ ఇచ్చే డబ్బుకి ట్యాక్స్ లేదన్న మాట నిజమే, దాన్ని రిటర్న్‌లో చూపించక్కర్లేదు కూడా. ఆర్మీ పెన్షన్ సంగతి వేరు. అది 22 ఏళ్ల సర్వీసుకి ఇస్తున్నది, గాయానికి కాదు. అందుకే దానిపై ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ పడుతుంది. సైనిక పెన్షన్లు చెల్లించే డీఫాస్ సంస్థ ఏటా పంపే 1099-ఆర్ ఫారంలో 2ఎ గడి చూడండి, ట్యాక్స్ పడే మొత్తం అక్కడుంటుంది. టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ బెడద మాత్రం లేదు.

మరి స్నేహితుడికి ఆ మాట ఎక్కడ దొరికింది? బహుశా ఆయనకు 50 శాతం కంటే తక్కువ రేటింగ్ (వీఏ ఖరారు చేసే వైకల్య శాతం) ఉండి ఉంటుంది. అలాంటివారికి వీఏ ఎంత ఇస్తే పెన్షన్‌లో అంత కోత పడుతుంది. పెన్షన్ 2,500 డాలర్లు, వీఏ సొమ్ము 800 అనుకుందాం. చేతికి వచ్చేది అదే 2,500. అందులో 800కి ట్యాక్స్ ఉండదు, మిగతా 1,700కి ఉంటుంది. మీవారికి 20 ఏళ్ల సర్వీసు, 50 శాతానికి మించిన రేటింగ్ ఉన్నాయి కనుక సీఆర్‌డీపీ (పెన్షన్, వీఏ సొమ్ము రెండూ పూర్తిగా అందేలా చేసే పథకం) కింద ఆ కోతను తిరిగి కలిపి ఇస్తున్నారు. అలా కలిపింది కూడా పెన్షనే, దానికీ ట్యాక్స్ ఉంది. రెండూ పూర్తిగా అందుతున్నప్పుడు ఈ పాటి కట్టడం నా లెక్కలో నష్టమేమీ కాదు.

మీరు అడగలేదు గానీ, నన్నడిగితే అసలు చూడాల్సింది సీఆర్‌ఎస్‌సీ. యుద్ధంతో ముడిపడిన వైకల్యానికి ఇచ్చే ఈ సొమ్ముకి ట్యాక్స్ లేదు. యుద్ధం అంటే తుపాకీ గుండు తగలడం ఒక్కటే కాదు. యుద్ధాన్ని తలపించే శిక్షణలో, ప్రమాదకరమైన డ్యూటీలో, సైనిక ఆయుధాలు, వాహనాల వల్ల అయిన గాయాలూ లెక్కలోకి వస్తాయి. శతఘ్నుల మోతకి వినికిడి పోయిందనుకోండి, అడిగి చూడొచ్చు. సీఆర్‌డీపీ దానంతట అదే వస్తుంది, దీనికి మాత్రం డీడీ 2860 ఫారంతో ఆర్మీకే అప్లై చేసుకోవాలి. రెండూ ఒకేసారి ఇవ్వరు. పైగా సీఆర్‌ఎస్‌సీలో యుద్ధ సంబంధమైన వైకల్యాన్నే లెక్కిస్తారు కాబట్టి మొత్తం తగ్గవచ్చు. ట్యాక్స్ లేదు కదా అని తొందరపడకుండా, ట్యాక్స్ పోగా చేతిలో మిగిలేది రెండింటికీ వేసి చూసుకోండి. అర్హత వస్తే ఏటా జనవరిలో ఏది కావాలో మార్చుకునే వీలుంది.

అయినా, కొంత రీఫండ్‌కి ఒక దారి ఉంది. 60 శాతం రాకముందు మీవారికి 40 శాతం లాంటి రేటింగ్ ఏమైనా, వెనకటి తేదీ నుంచి అమలయ్యేలా ఇచ్చారా? ఆ వెనకటి నెలల్లో వీఏ సొమ్ముకి సమానమైన పెన్షన్‌పై కట్టిన ట్యాక్స్‌ని 1040-ఎక్స్ ఫారంతో (వేసిన రిటర్న్‌ని సవరించే ఫారం) వెనక్కి అడగొచ్చు. మామూలుగా రిటర్న్ వేసిన నాటి నుంచి 3 ఏళ్లే గడువు. ఇలాంటి కేసుల్లో, అది దాటినా, వీఏ నిర్ణయం వెలువడిన నాటి నుంచి ఏడాది సమయం ఇస్తారు. అయితే నిర్ణయానికి ముందు 5 ఏళ్లలోపు మొదలైన పన్ను సంవత్సరాలకే ఇది వర్తిస్తుంది. వీఏ పంపిన లెటర్లన్నీ బయటికి తీసి, ఒక్కో రేటింగ్ ఏ తేదీ నుంచి అమల్లోకి వచ్చిందో, ఆ లెటర్ ఏ తేదీన వచ్చిందో రెండూ చూడండి. లెటర్ జతచేయకుండా 1040-ఎక్స్ పంపకండి.