పురుగుమందు డబ్బా మీద పసుపు రంగు ఉంటే, ఎరుపంత భయం లేనట్టేనా?

అలా అనుకోకండి. ఆ రంగు ఎల్‌డీ50ని బట్టి వేస్తారు. పరీక్షించిన ఎలుకల్లో సగం చావడానికి కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాముల మందు పట్టిందన్న లెక్క అది. నోటి ద్వారా అయితే 50 దాకా ఎరుపు, 51–500 పసుపు, 501–5000 నీలం, ఆపైన ఆకుపచ్చ. అంకె తగ్గేకొద్దీ విషం ఎక్కువ.

ఎల్‌డీ50 100 అనుకోండి. 60 కిలోల మనిషికి లెక్క 6 గ్రాములు, 15 కిలోల పిల్లాడికి గ్రామున్నరే. (మనిషి ఎలుక కాదు, ఇంతకన్నా తక్కువకే ప్రాణం మీదికి రావచ్చు.)

ఈ అంకెకు అందనివీ ఉన్నాయి. గడ్డిమందు పారాక్వాట్‌ది పసుపు రంగే. కానీ దానికి విరుగుడు లేదు, ఊపిరితిత్తులను తినేస్తుంది. రోజూ కొద్దికొద్దిగా ఒంట్లోకి పోతే ఏమవుతుందో తేల్చేవి 90 రోజుల, రెండేళ్ల పరీక్షలు. వాటిలో హాని కనపడని మోతాదును మామూలుగా 100తో భాగించి రోజువారీ పరిమితి పెడతారు: జంతువుకూ మనిషికీ తేడాకు 10, మనిషికీ మనిషికీ తేడాకు 10.

కందుకూరు వైపు మిరప, పొగాకు చేలల్లో కొట్టేవాళ్లు ముఖ్యంగా చూసుకోవాల్సింది చిక్కటి మందు కొలిచి ట్యాంకులో పోసేటప్పుడు. నైట్రైల్ (ఒక రకం రబ్బరు) గ్లౌజులు వాడండి. గుడ్డవైతే మందు పీల్చుకుని చర్మానికే అంటిపెట్టుకుని ఉంటాయి.