అనువాదాలతో స్వాహిలీ సాహిత్యంలో ఎం.ఏ. గట్టెక్కుతుందా?

ఆఫ్రికా భాషలు, సాహిత్యంలో పీజీకి స్వాహిలీ తీసుకుంటే ఇంగ్లీషు అనువాదాలు సరిపోతాయా అని అడిగారు. నవలలకైతే కొంతదూరం లాక్కురావచ్చు. పద్యం దగ్గర మాత్రం కుదరదు. వెళ్లేలోపు చేతిలో ఉన్న నెలలు వ్యాకరణానికే పెట్టండి.

మొదటి చిక్కు నిఘంటువుతోనే. మనకు ప్రత్యయాలు ధాతువు వెనక చేరతాయి, స్వాహిలీలో ఎక్కువగా ముందు చేరతాయి. ‘వతకపోనిఓన’ అంటే ‘వాళ్లు నన్ను చూసేటప్పటికి’. వ అంటే వాళ్లు, తక భవిష్యత్తు, పో అప్పుడు, ని నన్ను, చివరి ఓన చూడటం. వెతకాల్సింది ఆ ‘ఓన’ కిందే.

నామవాచకాలకూ ఇదే పద్ధతి. మనకు తెలిసిన కితాబు అరబ్బీ నుంచి అక్కడికీ చేరింది. కానీ మొదటి ‘కి’ని ఏకవచనపు గుర్తుగా తీసుకున్నారు కాబట్టి బహువచనం ‘వితాబు’. పక్క మాటలూ దాని వెంటే మారతాయి: ‘కితాబు కిమోజ కిమెఅంగుక’, ఒక పుస్తకం పడింది, ‘వితాబు వివిలి విమెఅంగుక’, రెండు పుస్తకాలు పడ్డాయి. ఒంటి పదాలు బట్టీపట్టకండి, ఇలా మూడేసి మాటలుగా రాసుకోండి.

ఇక పద్యం. ఉతెంజి అనే పాత కావ్యరూపంలో పద్యానికి నాలుగు పాదాలు, పాదానికి 8 మిజాని, అంటే అక్షరాలు. మొదటి మూడు పాదాలకు ఒకే అంత్యప్రాస. నాలుగో పాదం ప్రాస కావ్యమంతా ఒకటే. గురులఘువులు లేవు. తెలుగువాళ్లు పొరబడేది ‘మ్తు’ లాంటి మాట దగ్గర. మనిషి అని అర్థం. మన కంటికి ఒకే సంయుక్తాక్షరం, అక్కడ పొల్లు ‘మ్’ విడిగా ఒక మిజాని. మొత్తం రెండు. ‘న్యుంబ’, అంటే ఇల్లు, అందులోని అనుస్వరం మాత్రం విడిగా లెక్కకు రాదు.

1930 తర్వాత స్థిరపడిన ప్రామాణిక భాషకు ఆధారం టాంజానియాలోని జాంజిబార్ దీవి మాండలికం. పాత కావ్యాలు ఎక్కువగా కెన్యా తీరంలోని లాము, మొంబాసా వైపువి. దారికి ‘న్జియ’ బదులు ‘న్దియ’, దేశానికి ‘న్చి’ బదులు ‘న్తి’ కనిపిస్తాయి. మాట దొరకకపోతే ‘ద’ను ‘జ’గా, ‘త’ను ‘చ’గా మార్చి వెతకండి.

ఈ కావ్యాల పాత రాతప్రతులు అరబ్బీ లిపిలో ఉంటాయి, వాటి జోలికి భాష వచ్చాకే వెళ్లండి. పాతవాటిలో ప, బ తరచు ఒకే అక్షరం. ఇ, ఎ ఒకే గుర్తు. భాష రాకుండా లిపి నేర్చుకున్నా మాట పోల్చుకోలేరు.

మ్వానా కుపోనా అనే కవయిత్రి రాసిన 1858 నాటి కావ్యంతో మొదలుపెట్టండి. తల్లి కూతురికి చెప్పిన బుద్ధులవి, రోమన్ లిపిలో అనువాదంతో దొరుకుతుంది. రోజుకు రెండు పద్యాలు చాలు: మిజాని లెక్కపెట్టి, మాటలు విడదీసి, అప్పుడు అనువాదం చూడండి. దరఖాస్తుకు ముందు, ఆ ఏడాది స్వాహిలీ ఏ స్థాయిదాకా చెబుతున్నారో విభాగానికి రాసి కనుక్కోండి. డిగ్రీ పేరులో ఆఫ్రికా ఉన్నా భాష క్లాసు లేని కోర్సులున్నాయి.