పుస్తకం ఎక్కడ మూశావో అక్కణ్ణుంచి రాయి

చిక్కడపల్లి, హైదరాబాద్

చి. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. ఇల్లు, ఇంట్లో దాచిన సంగతులు, మనది ఏ ఊరు అనే బెంగ... ఇలాంటివన్నీ ఉన్న నవల చదివి నీకనిపించింది రాయాలనుకున్నావు, చాలా సంతోషం. కానీ మూడు పేజీల్లో రెండున్నర కథే చెప్పావు. కథ ఆ రచయిత చెప్పేశాడు కదమ్మా. చదువుతూ చదువుతూ నువ్వు ఎక్కడ ఆగిపోయావో అది నాకు కావాలి.

నాకు ఇరవై ఏళ్లప్పుడు సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నుంచి బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' తెచ్చుకున్నాను. నిజాం కాలంలో, 1901లో, ఈ ఊరి తెలుగువాళ్లు తమ భాష కోసం పెట్టుకున్న లైబ్రరీ అది. నవల్లో దయానిధిని తల్లి గురించి లోకం అనుకునే మాట వెంటాడుతూనే ఉంటుంది. చదువుతుంటే ఉన్నట్టుండి మా అటక మీద బోర్లించిన ఇత్తడి బిందె గుర్తొచ్చింది. దాని మెడ కింద చుక్కచుక్కగా కొట్టించిన పేరు ఒకటుండేది. ఆ పేరుగలవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. దసరాకి దించి చింతపండుతో తోమేటప్పుడు, ఆ పేరు దగ్గరికొచ్చేసరికి అమ్మ చెయ్యి నెమ్మదించేది. పుస్తకం మూసేసి వెళ్లి అడిగాను. ఆవిడ మా నాన్నగారి మొదటి భార్యట. కాన్పులో పోయిందట. కాపురానికొచ్చిన ఏడాది నుంచీ అమ్మ ఆ బిందె తోముతూనే ఉంది.

అందుకే చెప్తున్నా. పుస్తకం ఎక్కడ మూశావో ఆ పేజీ నంబరు రాసుకో. అప్పుడు ఇంట్లో ఏ వస్తువు, ఎవరి మాట గుర్తొచ్చిందో పక్కనే రాసుకో. 'మనసు కలచివేసింది' లాంటివి కొట్టెయ్యి, అవి ఏ పుస్తకానికైనా సరిపోతాయి. నచ్చనిది కూడా రాయి.

ఇంకొకటి. మన హైదరాబాద్‌లో ఎవరు కలిసినా ముందు 'మీదే ఊరు?' అంటారు. నువ్వు ఇక్కడే పుట్టావు, అయినా తాతల ఊరి పేరే చెప్తావు. నువ్వు చదివిన నవల పూర్తయ్యాక ఆ జవాబు చెప్పడానికి నోరు కాస్త తడబడిందా? తడబడితే అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

ఇంటి రహస్యం దగ్గర మాత్రం నాలాగా చెయ్యకు. బిందె సంగతి రాసి, అమ్మకి ఒక్క మాటైనా చెప్పకుండా, నలుగురు చదువరులు కూడిన చోట చదివేశాను. అందరూ మెచ్చుకున్నారు. వారం తిరక్కుండా చుట్టాలొకావిడ వచ్చి అమ్మనే అడిగింది. అమ్మ నన్నేమీ అనలేదు. మర్నాడు బిందె దించి, స్టీలు సామాన్ల కొట్లో ఇచ్చి మూడు గిన్నెలు తెచ్చుకుంది. ఆ కొట్టుకి నేను పరిగెత్తేసరికి బిందె తుక్కులో కలిసిపోయింది. ఇన్నేళ్లయినా ఆ గిన్నెల్లో అన్నం వడ్డించుకోలేను.

నీ చివరి పేజీలో మీ నాన్న గురించి ఒక పేరా ఉంది. బాగుంది, మొత్తం మీద బాగున్నది అదొక్కటే. దాన్ని ముందు ఆయన పక్కన కూర్చుని చదివి వినిపించు. వద్దంటే నీ డైరీలోనే ఉంచుకో. మిగతాది తిరగరాసి తీసుకురా. ఆదివారం పొద్దున్నే వస్తే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసి, అట్నుంచే ఇంటికొచ్చి భోంచేద్దాం.

మీ పెద్దమ్మ