బ్యాకప్ ఫైలు సగంలో తెగిపోతుంటే

పర్లాకిమిడిలో మీ తెలుగు సంఘం సభ్యుల డేటాబేస్ రీస్టోర్ చేస్తే చివరి టేబుళ్లు రావడం లేదన్నారు. తప్పు రీస్టోర్‌ది కాకపోవచ్చు, బ్యాకప్ ఫైలే సగంలో తెగి ఉంటుంది. పీహెచ్‌పీమైఅడ్మిన్ (బ్రౌజర్‌లోంచి డేటాబేస్ చూసుకునే టూల్) ఎక్స్‌పోర్ట్ టైం లిమిట్ దాటినా, మధ్యలో కరెంటు పోయి నెట్ ఆగినా ఇదే జరుగుతుంది.

1. ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి సర్వర్‌లో కమాండ్లు నడిపే దారి) సర్వర్‌లోకి వెళ్లి, డేటాబేస్‌ను ఫైలుగా రాసే మైఎస్‌క్యూఎల్‌డంప్ కమాండ్ నడపండి. ఇన్నోడీబీ రకం టేబుళ్లయితే సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెట్టండి, సైటు ఆపక్కర్లేదు.

2. క్యారెక్టర్ సెట్ (అక్షరాలను దాచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 ఉండాలి. తేడా వస్తే తెలుగు, ఒడియా పేర్లు ప్రశ్నార్థకాలైపోవచ్చు.

3. చాలామంది వదిలేసేది ఇదే: ఫైలు చివరి లైను చూడండి. మైఎస్‌క్యూఎల్‌డంప్ ఫైలైతే 'డంప్ కంప్లీటెడ్' అని ఇంగ్లీషులో ఉండాలి. లేకపోతే సైజు ఎంతున్నా ఆ ఫైలును నమ్మొద్దు. ఉంటే, వేరే పేరుతో ఖాళీ డేటాబేస్ తెరిచి అందులోకి రీస్టోర్ చేయండి. సభ్యుల టేబుల్లో వరసల లెక్క అసలుదానితో సరిపోవాలి. నేను ఇది చూసుకోక, ఏడాది చందాలన్నీ రసీదు పుస్తకాలు ముందేసుకుని మళ్లీ ఎక్కించాను!

4. ఫైలును జిజిప్‌తో కుదించి దించుకోండి. ఒక కాపీ ఆఫీసు బయట ఉంచండి.

ఎస్ఎస్‌హెచ్ ఇవ్వని హోస్టింగ్ అయితే టేబుళ్లు నాలుగైదు చొప్పున పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో విడివిడిగా ఎక్స్‌పోర్ట్ చేయండి. అన్నీ సరిచూసేదాకా పాత బ్యాకప్ తుడిచేయకండి.