ముందు స్పీకర్ కట్టు, ఆంప్ సంగతి తర్వాత

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వాల్వ్ ఆంప్ (గాజు వాల్వులతో పనిచేసే ఆంప్లిఫయర్) ఫొటోలు చూశాను. 300బీ వాల్వులది రెడీమేడ్‌గా కొనాలా, ఈఎల్84 వాల్వులతో కిట్ తెప్పించుకుని కట్టుకోవాలా అని అడిగావు. స్పీకర్ ఏమిటో తేలకుండా ఆ మాట చెప్పలేను. ముందు ఆంప్ కొనేసి, దానికి తగిన స్పీకర్ కోసం ఊళ్లన్నీ తిరిగేవాళ్లని చాలామందిని చూశాను. నువ్వు ఆ దారిన వెళ్లకు.

ప్రతి డ్రైవర్‌కీ, అంటే పెట్టెలో బిగించే స్పీకర్ యూనిట్‌కి, సెన్సిటివిటీ అని ఒక అంకె ఇస్తారు. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో ఆ అంకె చెబుతుంది. మూడు డెసిబెల్స్ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి, పది పెరగాలంటే పది రెట్లు కావాలి. అంటే 86 డీబీ స్పీకర్‌కి 40 వాట్లు పోసి తెప్పించే శబ్దాన్ని 96 డీబీ స్పీకర్ 4 వాట్లకే ఇచ్చేస్తుంది. 300బీ ఒక్కటి సింగిల్ ఎండెడ్‌గా (ఔట్‌పుట్ పనంతా ఒక్క వాల్వే చేసేలా) కడితే వచ్చేవి 8 వాట్లు. 2ఏ3 వాల్వు అయితే మూడున్నర. ఈఎల్84 పెంటోడ్‌గా (అయిదు ఎలక్ట్రోడ్ల పద్ధతిలో) 5 దాకా ఇస్తుంది, ట్రయోడ్‌గా (మూడు ఎలక్ట్రోడ్ల పద్ధతిలో) కడితే 2. షోరూముల్లో కనిపించే మామూలు టవర్ స్పీకర్లకి ఈ వాట్లు ఏ మూలకొస్తాయి? అందుకే వాల్వ్ ఆంప్ అనగానే ఫుల్ రేంజ్ డ్రైవర్ (కింది నుంచి పై దాకా స్వరాలన్నీ తానొక్కటే పలికేది) మాట వస్తుంది. తేలికపాటి కాగితం కోన్, బలమైన మేగ్నెట్, మధ్యలో క్రాసోవర్ (స్వరాల్ని కింది, పై డ్రైవర్లకి పంచే సర్క్యూట్) లేదు. ఆంప్ ఇచ్చిందంతా నేరుగా కోన్‌ని కదిపే కాయిల్‌కే వెళుతుంది.

క్రాసోవర్ లేకపోవడం వల్ల పవర్ కలిసిరావడం ఒక్కటే కాదు, నా మటుకు అసలు లాభం వేరే ఉంది. రెండు డ్రైవర్ల స్పీకర్‌లో క్రాసోవర్ ఎక్కువగా 2000, 3000 హెర్ట్జ్ మధ్య పడుతుంది. మన చెవికి చురుకు ఎక్కువ ఉన్న చోటు దాదాపు అదే. గాయకుడు ఒక మాట అంటే ఆ గొంతు నిండుదనం కింది డ్రైవర్ నుంచి, అందులోని ‘స, శ, ష’ల ఒరిపిడి పై డ్రైవర్ నుంచి వస్తాయి. బాగా కట్టిన వాటిలో ఈ అతుకు తెలియదు, కానీ అలా కట్టడం కష్టం, ఖర్చు. ఒకే కోన్‌లో ఆ బాధే లేదు. ఘంటసాల పద్యం ఎత్తుకున్నా, సుశీల గమకం తిప్పినా, మాట మొత్తం ఒకే చోట పుడుతుంది. మీ తాతగారి వాల్వ్ రేడియోలో ఉన్నది కూడా ఒకే స్పీకర్, ఒకే ఔట్‌పుట్ వాల్వ్. 1963లో విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం మొదలైనప్పుడు మన ఊళ్లో చాలామంది విన్నది అలాంటి సెట్లలోనే.

అలాగని దీనితో అన్నీ వస్తాయని అనుకోకు. నాలుగంగుళాల కోన్ 50 హెర్ట్జ్ కిందికి దిగదు. కొత్త సినిమాల బీట్లు ఛాతీకి తగలాలంటే ఇది నీకు పనికిరాదు, ఆ డబ్బుతో మంచి సబ్‌వూఫర్ కొనుక్కో. నువ్వు ఎక్కువగా వినేది పాత పాటలు, వీణ, వయొలిన్ అని నాకు తెలుసు కాబట్టే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

డ్రైవర్ల విషయానికొస్తే, ఇంగ్లండ్ లోథర్ కంపెనీవి ఈ దారిలో పెద్ద పేరు, ధర కూడా పెద్దదే. జపాన్ ఫోస్టెక్స్‌లో ఎనిమిదంగుళాల ఎఫ్‌ఈ206 రకం 96 డీబీ దాకా ఉంటుంది, కానీ దానికి వెనక హారన్ ఉన్న బీరువా అంత పెట్టె కావాలి. నీ మధురవాడ ఫ్లాట్‌లో అది పెట్టే చోటెక్కడ? మార్క్ ఆడియో వాళ్ల మెటల్ కోన్‌లు చక్కగా పలుకుతాయి, సెన్సిటివిటీ మాత్రం తక్కువ, రెండు మూడు వాట్లతో కష్టం. నీకు ఫోస్టెక్స్ ఎఫ్‌ఈ103 రకం నాలుగంగుళాల డ్రైవర్ సరిపోతుంది. 89 డీబీ. నీది పదీ పన్నెండడుగుల గది, నీకూ స్పీకర్‌కీ మధ్య రెండు రెండున్నర మీటర్ల దూరం. 4 వాట్లు ధారాళంగా చాలతాయి. ఏది కొన్నా కోన్ చుట్టూ ఉండే అంచు ఫోమ్‌ది కాకుండా చూసుకో. మన తేమకి ఫోమ్ కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. గుడ్డ అంచో, రబ్బరు అంచో ఉండాలి.

ఇక పెట్టె. నిలువు గొట్టం లాంటి పెట్టె కట్టమంటాను. పై వైపు మూత, కింద ముందు వైపు తెరుపు. ఒక వైపు మూసిన గొట్టంలో గాలి, తన పొడవుకి నాలుగు రెట్లున్న తరంగానికి మోగుతుంది. 1.5 మీటర్ల గొట్టం అయితే, గాలిలో శబ్దం సెకనుకి 345 మీటర్లు అనుకుంటే, 345ని 6తో భాగించు, 57 హెర్ట్జ్ పైచిలుకు వస్తుంది. కోన్‌కి కింద అందని చోట గొట్టం సాయం పడుతుందన్నమాట. డ్రైవర్‌ని మూసిన కొస నుంచి మూడో వంతు దగ్గర, అంటే పై నుంచి 50 సెంటీమీటర్ల దగ్గర బిగించు. గొట్టానికి మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చే అనవసరపు మోత ఆ చోట రేగదు. పైగా డ్రైవర్ నేల నుంచి సరిగ్గా మీటరు ఎత్తులో, కుర్చీలో కూర్చున్నవాడి చెవి దగ్గర పడుతుంది. లోపల వెడల్పు 13, లోతు 14 సెంటీమీటర్లు చాలు. పై మూడో వంతులో దిండ్లలో వాడే పాలిస్టర్ దూది వదులుగా నింపు. కుక్కేస్తే గొట్టం మూగబోతుంది.

చెక్క దగ్గర పీనాసితనం చెయ్యకు. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరులో ఈ ఊళ్లో పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అల్మరాలు ఎలా ఉబ్బిపోయాయో నువ్వూ చూశావు. తుఫాను దాకా ఎందుకు, మామూలు వానాకాలం చాలు. 18 ఎంఎం మెరైన్ ప్లైవుడ్ తీసుకో, షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది. బయట పాలిష్ వేయించి లోపల వదిలేస్తారు చాలామంది. తేమ ఒక వైపు నుంచే పీల్చుకుంటే పలక వంగుతుంది. లోపల కూడా, కోసిన అంచులతో సహా, రెండు కోట్లు సీలర్ పట్టించు.

డ్రైవర్ కన్నం కోసేటప్పుడు వడ్రంగి పక్కనే ఉండు. 18 ఎంఎం మందం ఉన్న పలకలో నాలుగంగుళాల కన్నం అంటే కోన్ వెనక చిన్న సొరంగం ఉన్నట్టే. కోన్ వెనక నుంచి వచ్చే గాలి ఆ గోడలకి కొట్టుకుని పలచటి కాగితం గుండా మళ్లీ బయటికి వినిపిస్తుంది. గొంతు ముక్కుతో పాడినట్టుంటుంది. అందుకని కన్నం వెనక వైపు అంచుని ఆకురాయితోనో రౌటర్‌తోనో 45 డిగ్రీల ఏటవాలుగా చెక్కేయాలి. స్క్రూలు పడే నాలుగు చోట్లా మాత్రం చెక్క పూర్తి మందంలో వదలాలి. ఒక్కో పెట్టెకి అరగంట పని. వడ్రంగి ‘ఎవరికి కనబడుతుంది సార్’ అంటాడు, నువ్వు వదలకు.

వైర్లు అతికాక ఒక పెన్సిల్ సెల్ తీసుకుని ప్లస్‌ని ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించు. రెండు స్పీకర్ల కోన్‌లూ ముందుకే కదలాలి. ఒకటి వెనక్కి వెళ్లిందంటే ఆ పెట్టె వైర్లు తారుమారయ్యాయి. తర్వాత పాత మోనో రికార్డింగ్ ఒకటి పెట్టు. గొంతు రెండు స్పీకర్ల నడుమ ఒక మనిషిలా నిలబడాలి. గదంతా పాకినట్టుంటే మళ్లీ వైర్లే చూడు.

ముందు పలక వెడల్పు 17 సెంటీమీటర్లు అవుతుంది కాబట్టి సుమారు 700 హెర్ట్జ్ కింద శబ్దం వెనక్కి కూడా చుట్టుకుపోతుంది. అందుకే గొంతు మొదట్లో పలచగా, కాస్త అరుస్తున్నట్టు అనిపిస్తుంది. దీనికి 1 మిల్లీహెన్రీ కాయిల్, 4.7 ఓమ్స్ రెసిస్టర్ పక్కపక్కన (పారలల్‌గా) కలిపి డ్రైవర్‌కి సిరీస్‌లో వెయ్యమంటారు. పని చేస్తుంది, కానీ పై స్వరాల్లో దాదాపు 4 డీబీ పోతుంది. అంటే నీ వాట్లలో సగానికి పైగా పోయినట్టే. ముందు ఖర్చు లేని పని చెయ్యి. పెట్టెల్ని వెనక గోడకి జానెడు దూరం దాకా జరుపు. డ్రైవర్‌ని సూటిగా నీ చెవికి గురిపెట్టకుండా కాస్త పక్కకి తిప్పు. ఈ కోన్‌లు పై స్వరాల్ని టార్చిలైటులా సూటిగా కొడతాయి, కొంచెం తిప్పితే ఆ పదును తగ్గుతుంది. నున్నటి టైల్స్ నేల మీద ఒక జనపనార చాప, కిటికీకి మందపాటి తెర వెయ్యి. ఇవన్నీ అయ్యాక కూడా పలచగా ఉంటే అప్పుడు కాయిల్. కొత్త కాగితం కోన్ మొదటి కొన్ని వారాలు బిగుసుకుని ఉంటుంది, ఆలోగా ఏదీ తేల్చెయ్యకు.

ఇప్పుడు ఆంప్. నీకు ఈఎల్84 సింగిల్ ఎండెడ్ చాలు. 300బీ కోసం అప్పులు చెయ్యొద్దు. అది వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్లు 1938లో తెచ్చిన వాల్వు, గొప్పదే, కాదనను. కానీ నీ గదికి, నీ డ్రైవర్‌కి ఆ డబ్బు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (వాల్వుకీ స్పీకర్‌కీ మధ్య ఉండేది) మీద పెడితే చెవికి ఎక్కువ తెలుస్తుంది. సింగిల్ ఎండెడ్‌లో ప్రైమరీ (వాల్వు వైపు చుట్టు) గుండా డీసీ ఎప్పుడూ పారుతుంటుంది కాబట్టి కోర్‌లో గాలి ఖాళీ వదిలి చుట్టాలి, కోర్ పెద్దదిగా ఉండాలి. చిన్న కోర్ అయితే మృదంగం తొప్పి (ఎడమ వైపు) మీద పడ్డ దెబ్బ చప్పగా వినిపిస్తుంది. ప్రైమరీ 5 కిలోఓమ్స్, సెకండరీ (స్పీకర్ వైపు చుట్టు) 8 ఓమ్స్ అడుగు. వార్నిష్‌లో ముంచి ఆరబెట్టినదే తీసుకో, లేకపోతే మన ఉప్పుగాలికి లామినేషన్లు (కోర్‌లోని ఇనప రేకులు) తుప్పుపడతాయి. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కి 230తో పాటు 250 వోల్టుల ట్యాప్ కూడా పెట్టించు. రాత్రిళ్లు లైన్ వోల్టేజీ పెరిగే ఇళ్లలో వాల్వు లోపలి హీటర్‌కి 6.3 బదులు 6.8 వోల్టులు వెళితే వాల్వు ఆయుష్షు తగ్గుతుంది.

బయాస్ (వాల్వులో ఎంత కరెంటు పారాలో నిలిపే ఏర్పాటు) కాథోడ్ రెసిస్టర్ రకమే పెట్టుకో. ప్లేట్ మీద 250 వోల్టులు, కాథోడ్‌లో 135 ఓమ్స్, ఆ రెసిస్టర్ మీద 7 వోల్టుల పైచిలుకు కనబడితే వాల్వు సుఖంగా ఉన్నట్టే. పెంటోడ్‌గానూ, ట్రయోడ్‌గానూ మార్చుకునే స్విచ్ ఒకటి పెట్టు, ఆంప్ ఆఫ్‌లో ఉన్నప్పుడే మార్చు. పెంటోడ్‌గా అయితే కొంత ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి ఇచ్చి తప్పులు సరిదిద్దడం) ఉండాల్సిందే, లేకపోతే కింది స్వరాలు ఉబ్బుతాయి. రాత్రి నెమ్మదిగా వినేటప్పుడు ట్రయోడ్ 2 వాట్లే నాకిష్టం. వాల్వులు పాతవి దొరికితే తీసుకో. బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లు కూడా ఒకప్పుడు చేశారు, పాత రేడియో మెకానిక్కుల దగ్గర ఉండొచ్చు, టెస్ట్ చేయించాకే డబ్బివ్వు.

కరెంటు సంగతి మాత్రం రెండుసార్లు చదువు. లోపల హెచ్‌టీ (వాల్వులకిచ్చే హై టెన్షన్ సరఫరా) 300 వోల్టుల డీసీ. ప్లగ్ పీకేసినా కండెన్సర్లలో అది నిలిచే ఉంటుంది. మొదటి ఫిల్టర్ కండెన్సర్ మీద 220 కిలోఓమ్స్, 2 వాట్ల రెసిస్టర్ శాశ్వతంగా సోల్డర్ చెయ్యి. ఆఫ్ చేశాక మల్టీమీటర్ క్లిప్పులు ఆ కండెన్సర్‌కి తగిలించి అంకె చూస్తూ కూర్చో. 300, 200, 90, 40 అని దిగుతుంది, నిమిషం పైన పడుతుంది. 10 కిందికి వచ్చేదాకా లోపల వేలు పెట్టకు. ఆన్‌లో ఉండగా కొలవాలంటే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకో, కాళ్లకి రబ్బరు చెప్పులుండాలి, ఇంట్లో ఇంకో మనిషి మెలకువగా ఉండాలి. ఛాసిస్ ఎర్తింగ్ తప్పనిసరి. స్పీకర్ తగిలించకుండా ఆంప్ ఎప్పుడూ ఆన్ చెయ్యొద్దు, లోడ్ లేకపోతే ప్రైమరీలో వోల్టేజీ విపరీతంగా లేచి ట్రాన్స్‌ఫార్మర్ లోపలే స్పార్క్ కొట్టి కాలిపోతుంది. చంటివాడు పాకే వయసు కాబట్టి వాల్వుల మీద జాలీ బిగించు, ఈఎల్84 గాజు చర్మం ఊడేంత వేడెక్కుతుంది.

సముద్రం అంత దగ్గర కాబట్టి సాకెట్లు సిరామిక్‌వి పెట్టు. వానాకాలం ముందూ తర్వాతా, ఆంప్ పూర్తిగా చల్లారి కండెన్సర్లు ఖాళీ అయ్యాక, వాల్వు కాళ్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. చిటపట వినిపిస్తే నూటికి తొంభై పాళ్లు సాకెట్‌లో చిలుమే.

సెట్ చేసుకునే ముందు ఒక తెల్లవారుజామున సింహాచలం వెళ్లు. మైకు లేకుండా సన్నాయి, డోలు దగ్గరగా నిలబడి విను. సన్నాయిలో ఉండే ఆ గరుకు, డోలు ఎడమ వైపు మోత ఎలా ఆగుతుందో చెవికి పట్టించుకో. ఇంటికొచ్చి నీ స్పీకర్‌లో నాదస్వరం పెట్టి పెట్టెల్ని అంగుళం అంగుళం జరుపుకో. ఎవరి రివ్యూలూ చదవనక్కర్లేదు. ఫ్యాన్ ఒకటిలో పెట్టుకో, మన ఉక్కకి ఆపేసి కూర్చోలేవు, అయిదులో ఉంటే మాత్రం తంబుర వినబడదు.

డ్రైవర్లు ఆర్డర్ చేసెయ్యి, అవి రావడానికి టైం పడుతుంది. ప్లైవుడ్ కోతల కొలతలు కాగితం మీద గీసి పంపిస్తున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవాడికి ఇచ్చే చీటీ మాత్రం నాకు చూపించాకే ఇవ్వు. మొదటిసారి హెచ్‌టీ ఆన్ చేసే రోజు నేనే వస్తాను, నా మీటర్ తెస్తాను. అక్కకి చెప్పు, ఆ రోజు భోజనం మీ ఇంట్లోనే.

మీ మావయ్య
విశాఖపట్నం