పెళ్లికి ముందు మచ్చలు పోవాలా? ముందు ఆ ట్యూబ్ మీద ఏం రాసుందో చూడండి

ప్రశ్న: నా వయసు 27. వరంగల్‌లో ఉంటాను. బ్యాంకు ఉద్యోగం కాబట్టి రోజూ షేవింగ్ తప్పదు. ఏడాదిగా గడ్డం గీసుకున్న మర్నాడే గడ్డం కింద, మెడ మీద ఎర్రటి పొక్కులు, మంట. అవి తగ్గాక నల్ల మచ్చలు పడుతున్నాయి. నిమ్మరసం, పసుపు, వంటసోడా, టూత్‌పేస్ట్ అన్నీ రాసి చూశాను. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ రాస్తే నాలుగు రోజుల్లో తగ్గింది, ముఖం తెల్లబడింది కూడా. మానేస్తే మళ్లీ వస్తోంది. ఆరు నెలలుగా అలా రాస్తూ, ఆపుతూ ఉన్నాను. ఈమధ్య దవడ పక్కన ఒక గుండ్రటి మచ్చ దురద పెడుతూ పెద్దదవుతోంది. మా రూమ్మేట్‌కు కూడా నడుము దగ్గర అలాంటిదే ఉంది. వచ్చే నెల నా పెళ్లి. ఆలోగా మచ్చలు పోయే ఇంటి చిట్కా చెప్పగలరు.

జవాబు: మీరు అడిగింది ఇంటి చిట్కా. నా కన్ను ఆగింది మాత్రం మెడికల్ షాపు ట్యూబ్ దగ్గర, ఆ గుండ్రటి మచ్చ దగ్గర. ముందు వాటి సంగతి చూద్దాం. నిమ్మకాయ తర్వాత.

ట్యూబ్ పేరు మీరు రాయలేదు. ఎవరూ రాయరు. ఓపీలో అడిగినా "పేరు గుర్తులేదు సార్, తెల్లటి ట్యూబ్, మీద గులాబీ రంగు గీత ఉంటుంది" అంటారు. ఇప్పుడు లేచి ఆ ట్యూబ్ తీసి, వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్: వీటిలో ఏ ఒక్క పేరు కనిపించినా అది స్టెరాయిడ్ పూతమందు. చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, రాస్తే నాలుగు రోజుల్లో తగ్గి, మానగానే తిరగబెట్టి, పైగా ముఖం తెల్లబడిందంటే నా అనుమానం దాని మీదే.

అది జబ్బును తగ్గించలేదు. చర్మంలోని రక్తనాళాలను కుంచింపజేస్తుంది కాబట్టి ఎరుపు పోయింది. వాపునూ దురదనూ అణిచేస్తుంది కాబట్టి హాయిగా అనిపించింది. దొంగను పట్టుకోకుండా, అరిచే కుక్కకు మత్తుమందు పెట్టడం లాంటిది ఇది. ముఖం తెల్లబడింది అన్నారు. అది పెళ్లికళ కాదండీ, స్టెరాయిడ్ పని. ఇలాగే నెలల తరబడి రాస్తే ముఖ చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు గుంపులుగా లేస్తాయి, ఎండలోకి వెళ్తే చాలు ముఖం భగ్గుమంటుంది. క్లోబెటసాల్ అయితే ఈ రకం మందుల్లో అన్నిటికన్నా ఘాటైనది. అరచేతులు, పాదాల్లాంటి మందపాటి చర్మానికి కూడా సాధారణంగా రెండు వారాలకు మించి ఇవ్వం. మీరు ముఖానికి ఆరు నెలలు!

స్టెరాయిడ్ మంచి మందే. అవసరమైన చోట, అవసరమైనన్ని రోజులు నేనూ రాస్తాను. నా కోపమంతా చీటీ లేకుండా కొనుక్కోవడం మీద. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. అంటే డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదు. కౌంటర్ దగ్గర ఆ చీటీ ఎవరు అడుగుతున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ షాపతన్ని తిట్టడం తేలికే. కానీ బ్యాంకులో పనిచేసే మీరు, ఖాతాదారు సంతకం తేడాగా ఉంటే పాస్ చేయరు కదా. ముఖానికి రాసే మందు మీద ఏముందో మాత్రం ఆరు నెలల్లో ఒక్కసారీ చదవలేదు.

ఇక ఆ గుండ్రటి మచ్చ. ఫొటో కూడా లేకుండా ఇదీ జబ్బు అని తేల్చడం తప్పు. అయినా అంచు పైకి లేచి, మధ్యలో కాస్త మామూలుగా ఉండి, దురద పెడుతూ పాకుతుంటే తామర (ఫంగస్ వల్ల వచ్చే అంటుజబ్బు) అయ్యే అవకాశం బాగా ఉంది. రూమ్మేట్‌కు కూడా ఉందన్నారు కాబట్టి అనుమానం ఇంకా పెరిగింది. టవల్, దుప్పటి, ట్రిమ్మర్ ఏదో ఒకటి ఇద్దరూ కలిసి వాడుతూ ఉండి ఉంటారు. తామర మీద స్టెరాయిడ్ రాస్తే దురద తగ్గుతుంది, ఎరుపు తగ్గుతుంది, ఫంగస్‌కు మాత్రం అడ్డు ఉండదు. హాయిగా పాకుతుంది. కొన్నాళ్లకు దాని రూపమే మారిపోయి, చూసిన డాక్టర్ కూడా తికమక పడతాడు. కొన్ని ట్యూబుల్లో ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడూ కలిపి ఉంటాయి. మీది అదే అయితే "ఫంగస్ మందు కూడా ఉంది కదా" అని సరిపెట్టుకోకండి.

పరీక్ష చిన్నదే. మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. చాలా సందర్భాల్లో అక్కడే తెలిసిపోతుంది. గడ్డం ఉన్న చోట ఫంగస్ వెంట్రుక కుదురులోకి దిగితే పైపూత ఒక్కటే చాలకపోవచ్చు, కొన్ని వారాలు మాత్రలు వేసుకోవాల్సి రావచ్చు. అవి కూడా మీ అంతట మీరు కొనకండి. లివర్ సమస్య ఉన్నా, వేరే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి. వైద్యం మొదలయ్యాక టవల్, లోదుస్తులు, దుప్పటి విడిగా వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. పెళ్లికి ముందే దీని సంగతి తేల్చుకోమనడానికి ఇంకో కారణం ఉంది. ఆలస్యం చేస్తే మీ ఆవిడకూ అంటుకోవచ్చు.

ట్యూబ్ ఈరోజే ఆపేస్తే ఏమవుతుందని అడుగుతారేమో. ఎరుపు, మంట ఒక్కసారిగా పెరగవచ్చు. అది చూసి భయపడి మళ్లీ అదే ట్యూబ్ అందుకుంటారు, అక్కడే చాలామంది ఇరుక్కుంటారు. అందుకే కొత్తది కొనకండి, ఈ వారంలోనే చర్మవైద్యుడికి చూపించండి. ఎలా ఆపాలో, మధ్యలో మంటకు ఏం వాడాలో ఆయన చూసి చెబుతారు.

షేవింగ్ పొక్కుల సంగతికి వస్తాను. మామూలుగా జరిగేది ఇది: బాగా నున్నగా గీసినప్పుడు వెంట్రుక మొన సూదిలా తయారవుతుంది. వంకర తిరిగే వెంట్రుక అయితే పెరుగుతూ మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టే చూస్తుంది కాబట్టి పొక్కు లేస్తుంది. ఉంగరాల జుట్టు వాళ్లకు, మెడ మీద వెంట్రుకలు అడ్డదిడ్డంగా వాలి ఉన్నవాళ్లకు ఎక్కువ. దీనికి మంచి మందు రేజర్‌ను పక్కన పెట్టడమే. ఓ నాలుగు వారాలు గీయకుండా ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటర్ వదిలి కత్తిరించుకోండి. మేనేజర్ ఒప్పుకోకపోతే డాక్టర్ దగ్గర కాగితం రాయించుకోవచ్చు. ఈ రోజుల్లో పెళ్లికొడుకులు సగం మంది ట్రిమ్ చేసిన గడ్డంతోనే పీటల మీద కూర్చుంటున్నారు, మీకు వచ్చిన నష్టమేమీ లేదు.

మళ్లీ గీయడం మొదలుపెట్టాక స్నానం తర్వాత, గడ్డం మెత్తబడ్డాకే గీయండి. కొత్త బ్లేడు, వెంట్రుక వాలిన వైపుకే, చర్మాన్ని లాగి పట్టకుండా, ఒకసారి గీసిన చోట మళ్లీ గీయకుండా. చివర్లో చల్లటి నీళ్లలో ముంచిన గుడ్డ అద్ది, వాసన లేని మాయిశ్చరైజర్ రాస్తే చాలు. చురుక్కుమనే ఆఫ్టర్‌షేవ్ మానేయండి. ఆ చురుకు మందు పనిచేస్తున్న గుర్తు కాదు, ఆల్కహాల్ మంట. ముఖం మీద పులిపిర్లు ఉంటే వాటి మీదుగా బ్లేడు పోనివ్వకండి, గీసిన దారంతా కొత్తవి మొలవవచ్చు.

సెలూన్‌కు వెళ్లేవాళ్లకు ఒక మాట. బ్లేడు మార్చమని అందరూ అడుగుతున్నారు, సంతోషం. పటిక ముక్క సంగతి ఎవరూ అడగరు. పొద్దుటి నుంచి తెగిన గడ్డాలన్నిటి మీద రుద్దింది అదే ముక్క. రక్తం ద్వారా సోకి లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కూడా వారం రోజుల దాకా బతకగలదు. మీ పటిక మీరు జేబులో తీసుకెళ్లండి, ఖరీదేమీ కాదు.

ఇప్పుడు మీ చిట్కాలు. నిమ్మరసం ముఖానికి వద్దు. అది బాగా ఆమ్లం, పైగా రాసుకుని ఎండలోకి వెళ్తే కాలి, ఉన్న మచ్చకు తోడు ఇంకో మచ్చ పడుతుంది. వంటసోడా దానికి తిరగబడిన వ్యవహారం, క్షారం. చర్మం పైపొరకు అదీ పడదు. టూత్‌పేస్ట్ పళ్లకు. పసుపు కొందరికి పడుతుంది, కొందరికి దద్దురు తెస్తుంది, పుండు మీద మాత్రం వద్దు. కలబంద గుజ్జు పర్వాలేదు, కోసినప్పుడు కారే పసుపు జిగురు కడిగేసి వాడండి.

నల్ల మచ్చలకు తొందర పనికిరాదు. కొత్త పొక్కులు ఆగితే పాతవి వాటంతట అవే పలచబడతాయి. దానికి నెలలు పడుతుంది. పొద్దున్నే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకోండి, పొక్కుల్ని గిల్లకండి. మచ్చలకు మందులు ఉన్నాయి, కానీ మంట చల్లారాకే, చూసిన డాక్టరే రాయాలి. వచ్చే నెలకు ముఖం అద్దంలా అవుతుందని నేను మాటివ్వలేను. మాటిచ్చే పార్లర్‌కు వెళ్లి బ్లీచ్, పీలింగ్ చేయించుకోకండి. నలుగు వద్దని మీ ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పడం నా వల్ల కాదు. శాస్త్రానికి చేతులకూ కాళ్లకూ పెట్టించుకోండి, దవడ దగ్గరికి రానివ్వకండి.

పొక్కుల్లో పదేపదే చీము పడుతుంటే, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే మీరూ ఒకసారి పరీక్ష చేయించుకోండి. జ్వరం వచ్చినా, పెదవి, ముక్కు, కన్ను దగ్గర వాచినా ఈ జవాబు పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ట్యూబ్ జేబులో పెట్టుకోండి, రూమ్మేట్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి. ఆ పొద్దున గుండ్రటి మచ్చ మీద క్రీము, పౌడరు, కొబ్బరినూనె ఏదీ రాయకండి. గీకి చూసే పరీక్షకు అవి అడ్డం వస్తాయి.