కాగజ్ కే ఫూల్: ఆ ఇద్దరి మధ్య ఖాళీ

"హంగులు, అందమైన ఫ్రేములు ఎక్కువైన ప్రేమకథల్లో బాధ మనదాకా రాదు, మీకెప్పుడైనా వచ్చిందా?" అని ఒకరు అడిగారు. నాకు వచ్చింది. కాకపోతే రెండోసారి చూసినప్పుడు. సినిమా గురుదత్ తీసిన 'కాగజ్ కే ఫూల్' (1959).

మొదటిసారి ఇరవై రెండేళ్లప్పుడు ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, సాగుతోందని సగంలో ఆపేశాను. కథ చిన్నదే. సురేశ్ సిన్హా పేరున్న దర్శకుడు. భార్య విడిగా ఉంటుంది, కూతుర్ని కలవనివ్వరు. ఒక వాన రాత్రి శాంతి అనే అమ్మాయికి తన కోటు ఇస్తాడు. అది తిరిగిచ్చేద్దామని స్టూడియోకి వచ్చిన శాంతి, పొరపాటున షూటింగ్ జరుగుతుండగా కెమెరాకి అడ్డంగా వచ్చేస్తుంది. అలా హీరోయిన్ అవుతుంది. ఇద్దరికీ ఇష్టమే, కానీ ఆ ఇష్టానికి దారి లేదు. శాంతిగా వహీదా రెహమాన్. 'రోజులు మారాయి'లో 'ఏరువాక సాగారో' పాటకి ఆడిన అమ్మాయే అంటే మనవాళ్లకి ఇట్టే గుర్తొస్తుంది.

రెండోసారి ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు పెద్ద తెర మీద వేస్తే వెళ్లాను. అప్పటికి నేను ప్రేమించిన మనిషితో విడిపోయి ఆరు నెలలు. అంతకుముందు వారమే ఒక పెళ్లి రిసెప్షన్‌లో తను కనిపించింది. హాలంతా లైట్లు, పూలు, ఫొటోల హడావిడి. తను ఆ చివర, నేను ఈ చివర. చేతిలో ప్లేటు పట్టుకుని అరగంట నిలబడ్డాను, ఒక్క ముద్ద తినలేదు. పలకరించడానికి కాళ్లు రాలేదు.

మన దేశంలో తొలి సినిమాస్కోప్ సినిమా ఇది, అంటే మామూలు కంటే బాగా వెడల్పైన తెర కోసం తీసింది. ఆ వెడల్పు ఎందుకో 'వక్త్ నే కియా' పాటలో తెలిసింది. ఖాళీ స్టూడియో, చీకటి, పైనుంచి ఏటవాలుగా పడే ఒక్క వెలుగుచార, అందులో తేలే దుమ్ము. కెమెరామన్ వి.కె. మూర్తి బయటి ఎండని అద్దాలతో లోపలికి మళ్లించి సాధించిన వెలుగది. సురేశ్, శాంతి దూరదూరంగా నిలబడే ఉంటారు. వాళ్ల నీడల్లాంటి రూపాలు మాత్రం ఒంట్లోంచి బయటికొచ్చి ఆ వెలుగులో కలుసుకుంటాయి. ఆ రిసెప్షన్ హాల్లో నాకు జరిగింది అచ్చం అదే. ఆ పాట పాడిన గీతా దత్ గొంతు వింటూ, సినిమా చూస్తూనే ఏడ్చేశాను. మాటల్లో రాసి ఉంటే అంత తగిలేది కాదేమో.

లోపాలు లేవనను. జానీ వాకర్ కామెడీ కథకి అడ్డమే. అప్పట్లో సినిమా ఆడలేదు, ఆ తర్వాత గురుదత్ దర్శకుడిగా తన పేరు వేసుకోలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

చూస్తే రాత్రిపూట, మీకు దొరికే అతి పెద్ద తెర మీద చూడండి. ఫోన్‌లో మాత్రం వద్దు, ఆ ఇద్దరి మధ్య ఖాళీ అందులో రెండంగుళాలే ఉంటుంది.